పిల్లల ఆటల్లో బూతు మాటలు – ఫోన్‌లో వయసు అంకె చూస్తున్నారా?



ఈ పేజీలో ఇంతవరకు జ్వరాలు, విరేచనాలు, టీకాలు, బీపీ, షుగరు గురించి వ్రాస్తూ వచ్చాము. ఈసారి పిల్లలు ఫోన్‌లో ఆడే ఆటల గురించి వ్రాస్తున్నాము. ఆటలతో నర్సులకు ఏం పని అని కొందరు అనుకోవచ్చు. పిల్లల వార్డులో పని చేసేవారికి ఆ పని రోజూ ఉన్నది. సెలైన్ ఎక్కుతున్న చేయి కదలకుండా ఉండాలని తల్లి బిడ్డ చేతికి ఫోన్ ఇస్తుంది. బిడ్డ నొప్పి మరిచి ఆడుకుంటాడు. ఆటలో ఓడిపోగానే వాడి నోట ఒక మాట వస్తుంది. పక్క మంచం వాళ్లు తల తిప్పి చూస్తారు. తల్లికి మాత్రం ఆ మాట అర్థం కాదు, ఎందుకంటే అది హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. చాలాసార్లు ఆ బిడ్డకు కూడా దాని అర్థం తెలియదు.

"ఎక్కడ నేర్చిండో సిస్టర్, మా ఇంట్ల ఎవ్వరం గట్ల మాట్లాడం" అని తల్లులు మాతో అంటారు. నిజమే కావచ్చు. ఇంట్లో ఎవరూ అనకుండానే ఆ మాట ఇంట్లోకి వచ్చే దారి ఇప్పుడు ఉన్నది. ఆ దారికి ఒక తలుపు కూడా ఉన్నది. అదే ఆట పేరు కింద కనిపించే వయసు అంకె. ఆ అంకె ఎంతవరకు కాపాడుతుంది, ఎక్కడ కాపాడలేదు అనే రెండు సంగతులు ఈ వ్యాసంలో చెప్పుతున్నాము.

మాట ఏ దారిన వస్తుంది?

బూతు మాట ఆటల్లోకి మూడు దారుల్లో వస్తుంది.

మొదటిది, ఆటలోనే ఉన్న మాట. కొన్ని ఆటలు సినిమా వలె ఉంటాయి. వాటిలో మనుషులు మాట్లాడతారు, తిట్టుకుంటారు. 2002లో వచ్చిన 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో: వైస్ సిటీ' అనే ఆట మన పట్టణాల కంప్యూటర్ సెంటర్లలో ఒకప్పుడు పిల్లలందరూ ఆడినదే. అది అమెరికాలో 17 ఏండ్లు దాటినవారికి, ఐరోపాలో 18 దాటినవారికి అని గుర్తు వేసిన ఆట. ఆ గుర్తు డబ్బా మీద ఉంటుంది. మన దగ్గర ఆడినవి ఎక్కువగా కాపీ చేసిన సీడీలు. డబ్బా లేదు గనుక గుర్తును ఎవరూ చూడలేదు.

రెండవది, తోటి ఆటగాళ్ల మాట. ఇప్పటి ఫోన్ ఆటల్లో నలుగురు కలిసి ఒక జట్టుగా ఆడతారు. మైకులో మాట్లాడుకుంటారు. జగిత్యాలలో ఉన్న పదేండ్ల పిల్లవాడి జట్టులో ఢిల్లీ నుండి ఒకడు, నాగపూర్ నుండి ఒకడు ఉండవచ్చు. వాళ్ల వయసు ఎంతో, వాళ్లు ఎవరో మనకు తెలియదు. ఓడిపోతే వాళ్లు తిట్టే తిట్లు నేరుగా మన బిడ్డ చెవిలో పడతాయి.

మూడవది, ఆట వీడియోలు. తాము ఆడుతూ, మాట్లాడుతూ యూట్యూబ్‌లో చూపించేవారు ఉన్నారు. కొందరు మర్యాదగానే మాట్లాడతారు. కొందరికి తిట్టడమే హాస్యం. ఆట ఆడని చిన్న పిల్లలు కూడా ఈ వీడియోలు చూసి మాటలు నేర్చుకుంటారు.

వయసు అంకె ఎట్లా వచ్చింది?

సినిమాకు 'ఎ' సర్టిఫికెట్ అంటే ఏమిటో మనందరికీ తెలుసు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద సెన్సారు బోర్డు ఆ సర్టిఫికెట్ ఇస్తుంది. 2023లో చట్టాన్ని సవరించి 'యు/ఎ' అనే దానిని 7, 13, 16 ఏండ్లు అని మూడుగా విడదీశారు. అయితే వీడియో ఆటలు ఆ బోర్డు ముందుకు వెళ్లవు.

ఆటలకు వయసు గుర్తు వేసే పద్ధతి అమెరికాలో గట్టిపడింది. అక్కడ కొన్ని ఆటల్లోని హింసను చూసి తల్లిదండ్రులు ఆందోళన పడగా 1993లో సెనేటు సభ విచారణ జరిపింది. ఆ తరువాత 1994లో ఆటల కంపెనీలే కలిసి 'ఈఎస్ఆర్‌బి' అనే రేటింగు బోర్డును ఏర్పాటు చేసుకున్నాయి. ఐరోపాలో 2003లో 'పెగి' అనే పద్ధతి వచ్చింది. ఫోన్లు వచ్చాక రోజూ వేల కొద్దీ ఆటలు పుట్టుకొస్తుంటే ఒక్కొక్కటి కూర్చొని చూడడం ఎవరివల్లా కాదు. అందుకని పలు దేశాల రేటింగు సంస్థలు కలిసి 2013లో 'ఐఏఆర్‌సి' అనే ఉమ్మడి పద్ధతిని పెట్టుకున్నాయి. 2015 నుండి గూగుల్ ప్లే స్టోర్ దానిని వాడుతున్నది. మన ఫోన్‌లో కనిపించే అంకె ఆ పద్ధతిలో వచ్చినదే.

ఈ పద్ధతిలో ఆటను తయారుచేసినవారు ఒక ప్రశ్నాపత్రం నింపుతారు. కొట్లాట ఉన్నదా, రక్తం ఉన్నదా, బూతులు ఉన్నాయా, ఎంత తరచుగా ఉన్నాయి అని అందులో అడుగుతారు. వారి జవాబులను బట్టి అంకె పడుతుంది. తప్పు జవాబు ఇచ్చినట్టు తేలితే అంకెను తరువాత సరిచేస్తారు. పెద్ద పెద్ద ఆటలకు కూడా ఇటువంటి సవరణ జరిగింది. 2005లో 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్' లోపల దాచి ఉన్న అశ్లీల భాగం బయటపడగా, అమెరికా బోర్డు దాని గుర్తును 'పెద్దలకు మాత్రమే' అని మార్చింది. కాబట్టి అంకె మంచి సాయమే కాని, అదే చివరి మాట కాదు.

అంకె ఎక్కడ ఉంటుంది, ఎట్లా చదవాలి?

ప్లే స్టోర్‌లో ఆట పేరు నొక్కండి. పేరు కింద ఒక వరుసలో చుక్కల గుర్తు, ఎంతమంది ఎక్కించుకున్నారు అనే లెక్క, వాటి పక్కన చిన్న గళ్లలో వయసు అంకె ఉంటాయి. 3+, 7+, 12+, 16+, 18+ అని అయిదు రకాలు. ఆ అంకె మీద వేలు పెట్టి నొక్కితే ఆ అంకె ఎందుకు పడిందో ఇంగ్లీషులో రెండు మూడు మాటల్లో వస్తుంది. 'వయొలెన్స్' అంటే కొట్లాట. 'లాంగ్వేజ్' అనే మాట కనిపిస్తే బూతులు ఉన్నాయని అర్థం. దాని ముందు 'స్ట్రాంగ్' అని ఉంటే అవి గట్టి బూతులు అన్నమాట.

ఐరోపా పద్ధతిని బట్టి చెప్పాలంటే 3, 7 అంకెల ఆటల్లో బూతు ఉండకూడదు. 12లో తేలికపాటి తిట్లు ఉండవచ్చు. 16లో గట్టి బూతులు రావచ్చు. 18 పెద్దవారి కోసమే.

ఐఫోన్ ఉన్న ఇండ్లలో అంకెలు కొంచెం వేరు. 2025లో ఆ కంపెనీ వాటిని మార్చి 4, 9, 13, 16, 18 అని పెట్టింది. ఇక అమెరికాలో ఉన్న మన బంధువులు సెలవులకు వస్తూ పిల్లలకు ఆట సీడీలు, ఆట పెట్టెలు తెస్తుంటారు. వాటి డబ్బా మీద అంకెలకు బదులు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. 'ఈ' అని ఉంటే అందరికీ. 'ఈ' పక్కన 10 ఉంటే పదేండ్లు దాటినవారికి. 'టి' ఉంటే 13 దాటినవారికి. 'ఎం' ఉంటే 17 దాటినవారికి. మేనమామ ప్రేమతో తెచ్చినా సరే, 'ఎం' అక్షరం ఉన్న డబ్బా తొమ్మిదేండ్ల బిడ్డకు కాదు.

మందుతో పోల్చి చూడండి. బిడ్డకు సిరప్ ఇచ్చే ముందు మేము వయసు, బరువు చూసి ఎన్ని ఎంఎల్ అని లెక్క వేస్తాము. పెద్దల మాత్ర మంచిదే అయినా పెద్దల మోతాదు బిడ్డకు ఇవ్వము. ఆట కూడా అంతే.

అంకె చెప్పని సంగతి

ఇది ఈ వ్యాసంలో ముఖ్యమైన భాగం. దయచేసి శ్రద్ధగా చదవండి.

ఆట తయారుచేసినవారు అందులో ఏమి పెట్టారో, దానికి మాత్రమే అంకె వేస్తారు. మైకులో ఇతరులు ఏమి మాట్లాడతారో ఎవరూ ముందుగా చెప్పలేరు. అందువల్ల 12+ అని ఉన్న ఆటలో 18 ఏండ్లవారు కూడా వినకూడని తిట్లు వినిపించవచ్చు. దీనికి గుర్తుగా వయసు అంకె దగ్గరే 'యూజర్స్ ఇంటరాక్ట్' అనే మాట వస్తుంది. ఆడేవారు ఒకరితో ఒకరు మాట్లాడుకోగలరు అని దాని అర్థం. చాలామంది అంకె చూసి ఈ మాట చూడకుండా వదిలేస్తారు. మా లెక్కలో చిన్న పిల్లల విషయంలో అంకె కంటే ఈ మాటే ముఖ్యం.

మైకులో వచ్చే తిట్లలో ఎక్కువ భాగం తల్లిని, అక్కచెల్లెళ్లను కించపరిచేవే. ఆడపిల్ల గొంతు వినిపిస్తే కొందరు ఇంకా హద్దు మీరుతారు. అందుకే ఆటలు ఆడే అమ్మాయిలు కొందరు అసలు నోరే విప్పరు. కులం పేరు పెట్టి తిట్టడమూ ఉన్నది. అటువంటి మాట మన బిడ్డ విన్నప్పుడు వాడు నేర్చుకుంటున్నది బూతు ఒక్కటే కాదు. తన వాళ్లను ఇతరులు ఎట్లా చూస్తారో కూడా ఆ మాటతోనే నేర్చుకుంటున్నాడు. ఇంట్లో చెప్పుకోలేక మనసులో పెట్టుకుంటాడు. కాబట్టి బిడ్డ తిట్లు అంటున్నాడా అని మాత్రమే కాదు, తిట్లు పడుతున్నాడా అని కూడా మనం కనిపెట్టాలి.

మన ఇండ్లలో ఆ తలుపు ఎందుకు తెరిచి ఉంటున్నది?

2019 మార్చిలో పబ్జి ఆట ఎక్కువగా ఆడిన జగిత్యాల యువకుడొకరు మెడనొప్పితో ఆసుపత్రిలో చేరి చనిపోయాడని పత్రికలు వ్రాసినప్పుడు మన ప్రాంతమంతా ఉలిక్కిపడింది. ఒక మరణానికి ఆటే కారణమని వార్తను బట్టి మేము చెప్పము. అయితే ఆ రోజుల్లో అందరూ ఎన్ని గంటలు ఆడుతున్నారు అనే మాట్లాడుకున్నారు. ఆడుతూ ఏమి వింటున్నారు అనేది ఎవరూ అడగలేదు.

తరువాత 2020 సెప్టెంబరు 2న ప్రభుత్వం పబ్జిని నిషేధించింది. 2021 జూలైలో అదే తరహా ఆట 'బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా' అనే పేరుతో వచ్చింది. 2022 జూలైలో దానిని తొలగించారు. 2023 మేలో మళ్లీ వచ్చింది. 'ఫ్రీ ఫైర్' ఆటను 2022 ఫిబ్రవరిలో నిషేధించగా పిల్లలు 'ఫ్రీ ఫైర్ మ్యాక్స్' ఆడసాగారు. పేర్లు మారుతూ ఉంటాయి. అందుకే ఫలానా ఆట మంచిది, ఫలానాది చెడ్డది అని మేము జాబితా ఇవ్వడం లేదు. అంకె చూసే అలవాటు ఉంటే రేపు ఏ పేరుతో వచ్చినా మీరే తెలుసుకోగలరు.

అంకె ఉన్నా అది మన ఇండ్లలో పని చేయకపోవడానికి ఒక కారణం ఉన్నది. జగిత్యాల, కోరుట్ల వైపు ఎన్నో ఇండ్లలో తండ్రి దుబాయిలోనో, సౌదీలోనో, మస్కట్‌లోనో ఉంటాడు. వస్తూ ఫోన్ తెస్తాడు, లేదా ఎవరి చేతనైనా పంపుతాడు. మొబైల్ షాపులో ఆ ఫోన్‌కు ఖాతా తెరిచేటప్పుడు తండ్రి పేరు, తండ్రి పుట్టిన తేదీ వేస్తారు. ఇక ఆ ఫోన్ దృష్టిలో ఆడుతున్నది 38 ఏండ్ల మనిషి. 18+ ఆట అడిగినా ఇస్తుంది. 'బ్యాటిల్‌గ్రౌండ్స్' 2023లో తిరిగి వచ్చినప్పుడు 18 ఏండ్ల లోపువారికి రోజుకు 3 గంటలే అని హద్దు పెట్టారు. బిడ్డ వయసు 25 అని నొక్కితే ఆ హద్దు బిడ్డకు వర్తించదు.

రెండవ కారణం ఇయర్‌ఫోన్. సిరిసిల్లలో సాంచెల చప్పుడుకు పక్క మనిషి మాటే వినపడదు. ఇంటి ముందు కూర్చొని బీడీలు చేసే తల్లి చేతులు ఆగవు, చూపు చాటలోనే ఉంటుంది. బిడ్డ అరుగు మీద కూర్చొని చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకొని నిశ్శబ్దంగా ఆడుతుంటాడు. సతాయించకుండా ఉన్నాడు అని తల్లి అనుకుంటుంది. ఆ చెవిలో ఏమి పడుతున్నదో ఆమెకు తెలిసే దారి లేదు. ఇందులో తల్లి తప్పు లేదు. కాని దారి తెలిసిన తరువాత మూయవలసిన బాధ్యత మనది.

ఇంట్లో చేయవలసినవి

1. బిడ్డ అసలు వయసుతో ఖాతా ఉండాలి. 13 ఏండ్ల లోపు పిల్లలకు గూగుల్ ఖాతాను తల్లి లేక తండ్రి తమ ఖాతాకు కలిపి 'ఫ్యామిలీ లింక్' ద్వారా తెరవాలి. షాపు అతనితో "బాబు వయసే వేయండి" అని గట్టిగా చెప్పండి.

2. ఫోన్ తల్లిదే అయి, బిడ్డ కాసేపు ఆడుకుంటాడు అనుకుంటే ప్లే స్టోర్ తెరిచి కుడివైపు పైన గుండ్రటి గుర్తు నొక్కండి. 'సెట్టింగ్స్', అందులో 'ఫ్యామిలీ', అందులో 'పేరెంటల్ కంట్రోల్స్'. దానిని ఆన్ చేస్తే నాలుగు అంకెల పిన్ అడుగుతుంది. బిడ్డకు తెలియని పిన్ పెట్టండి. తరువాత 'యాప్స్ అండ్ గేమ్స్' లో 7 గాని 12 గాని ఎంచుకోండి. ఇది ఆ ఒక్క ఫోన్‌కే పని చేస్తుంది. ముందే ఎక్కించి ఉన్న ఆటలను ఇది తీసివేయదు. వాటిని మీరే చూసి తీసివేయాలి.

3. ప్లే స్టోర్‌లో కాకుండా స్నేహితుడి ఫోన్ నుండో, ఏదో లింకు నుండో ఎక్కించిన ఆటకు ఈ తాళం పని చేయదు. అటువంటి వాటిని ఎక్కించవద్దు.

4. జట్టుగా ఆడే ఆటల్లో తెర మీద మైకు గుర్తు, స్పీకరు గుర్తు అని రెండు ఉంటాయి. మైకు ఆపితే మన బిడ్డ మాట ఇతరులకు వినిపించదు, అంతే. ఇతరుల మాట మన బిడ్డకు వినిపించకూడదంటే స్పీకరు గుర్తు కూడా ఆపాలి. చాలా ఇండ్లలో మైకు ఒక్కటే ఆపి ఊరుకుంటారు. పెద్ద పిల్లలైతే తమకు తెలిసిన స్నేహితులతోనే జట్టు కట్టమనండి.

5. ఆడేటప్పుడు ఇయర్‌ఫోన్ వద్దు. చప్పుడు తక్కువ పెట్టుకొని, నలుగురు తిరిగే చోట కూర్చొని ఆడాలి. ఈ ఒక్క నియమం ఖర్చు లేనిది, చదువు అవసరం లేనిది, నానమ్మ కూడా అమలు చేయగలిగినది.

6. దూర దేశంలో ఉన్న తండ్రులకు ఒక మాట. వీడియో కాల్‌లో "బాగున్నావా బిడ్డా" అన్న తరువాత "ఏ ఆట ఆడుతున్నవ్, దాని అంకె చూపియ్" అని అడగండి. బాపు కూడా చూస్తున్నాడు అని బిడ్డకు తెలియడమే పెద్ద కాపలా.

బిడ్డ నోట ఆ మాట వచ్చినప్పుడు

కొట్టవద్దు. నలుగురిలో సిగ్గుపరచవద్దు. కొడితే మాట పోదు, మీ ముందు అనడం మాత్రమే మానుకుంటాడు. నవ్వవద్దు కూడా. చిన్నవాడు ముద్దుగా అన్నాడని తాత నవ్వితే, రేపు మెప్పు కోసం మళ్లీ అంటాడు.

ఆరేడేండ్ల బిడ్డకు అర్థం చెప్పనక్కర లేదు. "ఆ మాట మనుషులను బాధపెట్టే మాట, మన ఇంట్ల అనం" అని నెమ్మదిగా, ప్రతిసారీ ఒకే తీరుగా చెప్పండి. పది పన్నెండేండ్ల వాడికి అర్థం చెప్పవలసిందే. ఆ మాట ఎవరి తల్లి గురించి, ఎవరి చెల్లెలి గురించి అని పక్కన కూర్చోబెట్టుకొని అడగండి. చాలామంది పిల్లలు అర్థం తెలిసిన తరువాత తామే సిగ్గుపడతారు. ఎవరు అన్నారు, ఏ ఆటలో విన్నావు అని అడగండి. నిజం చెప్పిన బిడ్డ చేతి నుండి వెంటనే ఫోన్ లాక్కోవద్దు. లాక్కుంటే ఇంకొకసారి నిజం చెప్పడు.

మన నోళ్లను కూడా చూసుకోవాలి. కోపంలో ఇంట్లో, బస్సులో పెద్దలు అనే మాటలు పిల్లలు వింటూనే ఉంటారు. ఆట మీద నింద వేసి మనం అవే మాటలు అంటే బిడ్డ మనల్నే చూసి నవ్వుతాడు.

తిట్లతో పాటు నిద్ర లేకపోవడం, అన్నం మానడం, బడికి వెళ్లననడం, ఫోన్ తీసుకుంటే వస్తువులు విసరడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. ఆటలపై అదుపు తప్పిపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల జాబితాలో చేర్చింది. ఇది వైద్యం ఉన్న సమస్య. మానసిక సమస్యలకు ప్రభుత్వపు టెలీ మానస్ నెంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. "చచ్చిపోతా" అని బిడ్డ అంటే బెదిరింపుగా కొట్టివేయవద్దు. ఒంటరిగా వదలకుండా వెంటనే తీసుకొని రండి. ఫోన్‌లో ఎవరైనా బిడ్డను బెదిరిస్తుంటే పిల్లల సహాయ నెంబరు 1098 ఉన్నది.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు

"మాకు ఇంగ్లీషు రాదు సిస్టర్, ఎట్లా చూడాలె?"
అంకె చదవడానికి ఇంగ్లీషు అక్కర లేదు. బస్సు నెంబరు చదివినట్టే చదవవచ్చు. బిడ్డ వయసు కంటే అంకె పెద్దగా ఉంటే వద్దు. అంకె కింద వచ్చే మాటలు పెద్ద తరగతి చదివే అమ్మాయి చేతనో, సండే స్కూలు టీచరు చేతనో చదివించుకోండి.

"ఫోన్ మొత్తమే ఇయ్యకపోతే మంచిది కదా?"
రెండేండ్ల లోపు బిడ్డలకు ఆట కోసం ఫోన్ ఇవ్వకపోవడమే మంచిది. పెద్ద పిల్లలకు మొత్తం బంద్ చేస్తే పక్కింటి ఫోన్‌లో, గేమ్ సెంటర్‌లో ఆడతారు. అక్కడ మైకు ఆపేవారు, అంకె చూసేవారు ఎవరూ ఉండరు. మన కండ్ల ముందు కొద్దిసేపు ఆడడం మేలు.

"అందరు పిల్లలు ఆడుతున్నరు, మావాడు ఒక్కడే ఆడకపోతే చిన్నబోడా?"
చిన్నబోతాడు, నిజమే. అందుకని అతని స్నేహితుల తల్లులతో మాట్లాడండి. ఒక వాడలో నాలుగు ఇండ్లు కలిసి ఒకే నియమం పెట్టుకుంటే ఏ ఒక్క బిడ్డా చిన్నబోడు.

ఈ వారంలో ఒక్క పని చేయండి. మీ ఫోన్‌లో బిడ్డ ఆడే ఆటలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఒక్కొక్కదాని అంకె చూడండి. తరువాత ఇయర్‌ఫోన్ తీసివేయించి పది నిమిషాలు బిడ్డ పక్కన కూర్చొని వినండి. తాళం పెట్టడం రాకపోతే ఆసుపత్రికి వచ్చినప్పుడు పిల్లల వార్డు సిస్టర్లను అడగండి. మందు వేసే పద్ధతి చూపించినట్టే ఇది కూడా చూపిస్తాము. వచ్చేటప్పుడు ఫోన్‌తో పాటు బిడ్డను కూడా తీసుకొని రండి. వాడి ముందే చేద్దాము.